జమ్ముకి కట్టిన తాడు

ఖాదర్ మాస్టారు సంతకం పెట్టనన్నారు. జయరాజుకి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? మాస్టారు నలభై ఏళ్ళుగా కొల్లేటి పక్షుల ఫొటోలు తీస్తున్న మనిషి. నాలుగేళ్ళుగా ఆయన వెనకాలే కెమెరా సంచులు మోసుకుంటూ అభయారణ్యమంతా తిరిగాడు జయరాజు. దోమలు కుట్టాయి, జలగలు పట్టాయి, ఇంట్లో తిట్లు తిన్నాడు. ఇన్నాళ్ళకి ఒక ఫొటో పడింది. నీళ్ళలో నిలువెత్తు పెరిగిన జమ్ము గడ్డి మధ్య గూట్లో నారాయణపక్షి, రెండు రెక్కలూ గొడుగులా విప్పుకుని, కింద మూడు పిల్లలు. పోటీకి పంపడానికి ఇవాళే ఆఖరి రోజు. ఫారం మీద గురువు సంతకం ఒక్కటే తక్కువ.

ఆ ఫొటో చూసి మాస్టారు ఒక్కటే అడిగారు. "గూటి ముందు జమ్ము ఏదిరా?"

"అడ్డంగా ఉందని పక్కకి వంచి కట్టానండి. మొన్న పొద్దున."

మాస్టారు ఫారం మడిచి తిరిగి చేతిలో పెట్టేశారు. "పద, చూద్దాం," అని దోనె ఎక్కారు.

గెడ వేసి దోనె తోస్తున్నంతసేపూ జయరాజు నోరు ఆగలేదు.

"నేనేం తప్పు చేశానండీ? పోయినేడు ప్రైజు కొట్టినవాడు రాళ్ళేసి కొంగల్ని లేపాడు. మనందరం చూశాం. వాడికి శాలువా కప్పారు. నేను రాయి వెయ్యలేదే. తల్లి మేతకెళ్ళినప్పుడు పోయి తాడేసి వచ్చాను. గూడు ముట్టుకోలేదు. ఒక్క ఆకు కొయ్యలేదు. నన్నూ వాణ్ణీ ఒకే గాటన కడతారా?"

మాస్టారు జమ్ము వైపే చూస్తున్నారు. దాంతో జయరాజుకి ఇంకా మండింది. పెద్దాయన కదాని పైకి అనలేదు గానీ, లోపల ఒక అనుమానం కూడా తొలుస్తోంది. శిష్యుడికి మంచి ఫొటో పడితే కుళ్ళుకునే గురువులు లోకంలో లేరా ఏం?

తొమ్మిది దాటింది. ఎండ చురుక్కుమంటోంది. గూడు కనిపించేంత దూరంలో దోనె ఆపారు. పక్షి అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. వీపు ఎండకి పెట్టి, రెక్కలు విప్పి, నోరు తెరుచుకుని నించుంది.

"చూడండి, పిల్లల్ని ఎలా పిలుచుకుంటోందో," అన్నాడు జయరాజు ఉక్రోషంగా. "ఇలాంటిది ఎవడికి దొరుకుతుంది చెప్పండి. మీకైనా దొరికిందా?"

మాస్టారు జమ్ముని లాగి పట్టడానికి జయరాజు గూటికి ఎడంగా బురదలో పాతిన వెదురు కర్ర దగ్గరికి దోనె పోనిచ్చారు. దానికి బిగించిన తాడు ముడి విప్పేశారు.

వంగి ఉన్న జమ్ము మెల్లిగా లేచి నిలబడింది. గూడు సగం కనపడకుండా పోయింది.

"ఎంత పని చేశారు మాస్టారూ," అన్నాడు జయరాజు. "నా పొట్ట మీద కొట్టినట్టే ఇది. మీకేం అన్యాయం చేశానని?"

"లెన్సులోంచి చూడు," అన్నారాయన.

విసురుగా కెమెరా ఎత్తి ఆకుల సందులోంచి చూశాడు. పక్షి మెడ నిక్కించి అటూ ఇటూ చూసింది. జమ్ము నీడ గూటి మీద పడింది. ముందు అది నోరు మూసుకుంది. తర్వాత ఎడమ రెక్క ముడిచింది. కుడి రెక్క సగం ముడిచి, కాసేపు ఆగి, మెల్లగా దించుకుంది. పిల్లల పక్కన కూలబడ్డట్టు కూర్చుండిపోయింది.

జయరాజు చాలాసేపు కెమెరా దించలేదు. మీటా నొక్కలేదు.

మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. "ఫారం ఇలా తే. పెడతాను సంతకం."

జయరాజు ఇవ్వలేదు.

"మొన్నటి నుంచీ మాస్టారూ," అన్నాడు. "మొన్నటి నుంచీ దాన్ని ఎండలో నిలబెట్టాను."