కొరమీనును వదిలిన నీటికుక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. ఉరికి ఉరికి అలసిన ఆ వాగు కాసేపు ఆగి ఊపిరి పీల్చుకునే చోట ఒక లోతైన మడుగు.

ఆ మడుగులో ఏరన్న అనే నీటికుక్క ఉండేవాడు. చేపలు పట్టడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఒడ్డున మట్టిగట్టులో బొరియ చేసుకుని నీలాలు అనే లకుముకి పిట్ట ఉండేది. ఏరన్నను నోరారా "అన్నా" అని పిలిచేది. ఏరన్న తిండి పెద్ద చేపలు. నీలాలు తిండి వేలెడంత పరిగె చేపలు. అందుకే వాళ్ల మధ్య ఏనాడూ తగువు రాలేదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగు ఎండి బురదయింది. చేపలన్నీ చచ్చిపోయాయి. కొరమీనుది మొండిప్రాణం కదా, బురదలో దూరి ఒక్క జంట మాత్రం బతికింది. మళ్లీ వానలు పడి మడుగు నిండాక ఏరన్న మునిగి ఆ తల్లి కొరమీనునే పట్టాడు. దాని వెనక ఎర్రెర్రని పిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి.

"అయ్యా, నన్ను తింటే ఈ పసివాళ్లను ఎవరు కాస్తారు? ఈ మడుగులో మా జాతికి మేమే మిగిలాం" అని ఏడ్చింది కొరమీను.

ఏరన్న మనసు కరిగింది. "పో తల్లీ, నిన్ను తినను. మాట ఇస్తున్నాను" అని వదిలేశాడు.

అది మంచిపనే పిల్లలూ. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాత మొదలైంది.

నీళ్లు తాగడానికి వచ్చిన జింకలు అది చూశాయి. "నోటిదాకా వచ్చిన ముద్దను వదిలేశాడు! ఎంత దయ!" అన్నాయి. కోతులు చప్పట్లు కొట్టాయి. అందరూ కలిసి ఏరన్నను మునగచెట్టు ఎక్కించారు. ఎక్కినవాడు దిగాలా వద్దా? ఏరన్న దిగలేదు.

వరదకు ఎగువ నుంచి పరిగెలు, జెల్లలు, శీలావతులు మళ్లీ వచ్చి చేరాయి. కొరమీనులూ పెరిగాయి. ఏరన్న రోజూ ఒక కొరమీనును పట్టేవాడు. రాతి మీద నిలబడి అందరికీ చూపించి, నెమ్మదిగా నీళ్లలో వదిలేవాడు. చప్పట్లే చప్పట్లు!

మరి ఆకలి ఎక్కడికి పోతుంది? అందరూ వెళ్లిపోయాక తుంగగడ్డిలో దూరి పరిగెలను, శీలావతి పిల్లలను కడుపునిండా తినేవాడు. అటు కొరమీనులు తినేవీ అవే. చిన్న చేపకు మాత్రం ప్రాణం తీపి కాదా? ఆ మాట ఎవరూ అడగలేదు.

ఒకరోజు నీలాలు వచ్చింది. "అన్నా, మడుగులో పరిగెలు తగ్గిపోతున్నాయి. పొద్దుటి నుంచి మునుగుతుంటే ఒక్కటే దొరికింది" అంది.

"వానలు పడితే అవే వస్తాయిలే చెల్లెమ్మా" అన్నాడు ఏరన్న.

వానలు పడ్డాయి. కొత్తగా వచ్చిన పరిగెలను కొరమీనులు వచ్చినవి వచ్చినట్టే మింగేశాయి. నీలాలు మళ్లీ వచ్చింది.

"అన్నా, నువ్వు పట్టిన కొరమీనును నువ్వే తినెయ్యి. అవి కాస్త తగ్గితే మిగతా చేపలు బతుకుతాయి. నీ కడుపూ నిండుతుంది."

"అమ్మో! ఇప్పుడు తింటే అడవిలో అందరూ ఏమనుకుంటారు? దయగల ఏరన్న అని పేరు పడిపోయింది నాకు" అన్నాడు.

మూడోసారి నీలాలు వచ్చేసరికి దాని బొరియలో పిల్లలున్నాయి. ఇంకా కళ్లు కూడా తెరవలేదు. ఏరన్న రాతి మీద ఉన్నాడు. ఎన్నడూ లేనంత పెద్ద కొరమీను అతని చేతుల్లో కొట్టుకుంటోంది. ఒడ్డునిండా జనం.

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను. నా పిల్లలు ఆకలికి అరవడం కూడా మానేశాయి. ఈ ఒక్కదాన్నైనా వదలకు" అంది నీలాలు.

"మాట ఇచ్చాను కదమ్మా!"

"నువ్వు మాట ఇచ్చింది దిక్కులేని ఒక తల్లికి. మడుగంతా మింగేవాళ్లకి కాదు కదా అన్నా."

ఏరన్న చేపను చూశాడు. నీలాలును చూశాడు. ఆఖరున ఒడ్డు మీది జనాన్ని చూశాడు. చేతులు వదిలేశాడు. ఆ రోజు చప్పట్లు అడవంతా వినిపించాయి.

నీలాలు పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయాయి. అన్నిటికన్నా చిన్నది రెండురోజులు ఎక్కువ బతికింది. నీలాలు ఎవరినీ తిట్టలేదు. దిగువకు ఎగిరిపోయింది.

తర్వాత ఏరన్న ఆకలేసి తుంగలో దూరాడు. ఒక్క పరిగె లేదు. ఒక్క శీలావతి లేదు. అడుగున పెద్ద కొరమీను చిన్న కొరమీనును మింగుతోంది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరైనా చేప తినేవాళ్లు కారని అప్పుడు తెలిసింది. వాళ్లకి పోయేదేముంది? పోయిందంతా నీలాలుదే.

ఆ రోజు నుంచి ఏరన్న కొరమీనులను పట్టి తిన్నాడు. కొన్నిటిని మాత్రం ఉంచాడు. చూడ్డానికి ఎవరూ రాలేదు. మరుసటి వరదకు పరిగెలు వచ్చి నిలిచాయి. శీలావతులు గుడ్లు పెట్టాయి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, మడుగు మళ్లీ కళకళలాడింది.

ఏరన్న ఆత్రంగా దిగువకు ఈదాడు. చాలా దూరాన, ఎండుకొమ్మ మీద నీలాలు కనిపించింది.

"చెల్లెమ్మా, పరిగెలు తిరిగొచ్చాయి! ఇప్పుడు కొరమీనులను వదలడం లేదు. ఇంటికి రావమ్మా" అన్నాడు.

నీలాలు నీళ్లవైపు చూసింది.

"పరిగెలు తిరిగొచ్చాయా? మంచిది అన్నా. నా పిల్లలు తిరిగి రావుగా."

ఏరన్న తల వంచుకుని, ఒక్కడే ఎదురీదుకుంటూ వెనక్కి పోయాడు.

నీతి: ఒకరి మీద చూపే దయకు ఇంకెవరి పొట్ట కాలుతోందో చూసుకోవాలి, మెప్పు కోసం చేసే మంచి చివరికి చెరుపే చేస్తుంది.