గజరావు చెదలు

నమ్మబుద్ధి కానివాళ్ళు ఇప్పుడే లేచి చెప్పులు తొడుక్కోవచ్చు, నేనేమీ అనుకోను. కూర్చున్నవాళ్ళు వినండి. పులికోన రాజు పెదకొండమనాయకుడు తుమ్మితే మూడు ఊళ్ళలో కొబ్బరికాయలు రాలేవి. అంతటి రాజు ఒకనాడు వేటకెళ్ళి, అడవంతా వెతికినా చెట్టునీడ దొరక్క, తన ఏనుగు నీడలో కూర్చుని భోంచేసి వచ్చాడు.

"నా ఎర్రచందనం చెట్లేవి?" అని సభలో గర్జించాడు. ఆ దెబ్బకి పైకప్పు మీది పావురాలు పక్క రాజ్యానికి వలసపోయాయి.

వనాధికారి గజరావు లేచాడు. ఏ గుమ్మంలోంచైనా పక్కకి తిరిగి నడవాల్సినంత మీసాలు ఆయనవి.

"చెదలు, ప్రభూ! నాలుగువేల చెట్లూ చెదలే తినేశాయి."

"మొదళ్ళు మిగిలే ఉన్నాయే! నున్నగా, కోసినట్టు."

"మర్యాద తెలిసిన చెదలు, ప్రభూ. తప్పంతా గూడెంవాళ్ళది. అడవిలోనే ఉంటూ చెదల్ని తోలలేకపోయారు."

"అయితే పొద్దు గుంకేలోగా గూడెం ఖాళీ చేయించండి!" అన్నాడు రాజు. ఆలోచించడం ఆయనకి మధ్యాహ్నం తర్వాత పడదు.

సభ చివర గూడెం పెద్ద ఈదన్న చేతులు జోడించాడు. "ఏడు తరాలుగా ఆడే ఉండాము సామీ. రంపాలతో వచ్చినోళ్ళని మేమే పట్టిచ్చినాం. గజరావు దొర వాళ్ళనొదిలేసి మమ్మల్ని కొట్లో ఏసినాడు."

"చూశారా ప్రభూ, ఎంత నోరో!" అన్నాడు గజరావు.

రాజు పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే చెంగమ్మకి ఒళ్ళు మండింది. ఆమె నాలుక ముందు సేనాపతి కత్తే సిగ్గుపడి ఒరలోకి దూరేది. నెల్లాళ్ళుగా గజరావు తన కొత్త మేడ గురించి చెప్పి చెప్పి సభని చంపుతున్నాడు. గుమ్మం ఎత్తు చెప్పాడు, దూలాల లావు చెప్పాడు. ఏ చెక్కో మాత్రం చెప్పలేదు. అది ఆమె చెవినుంచి తప్పించుకోలేదు.

తమలపాకు చిలకలు చుట్టి, నవ్వుతూ గజరావు దగ్గరికెళ్ళింది.

"అయ్యగారూ, మీ మేడని తలుచుకుంటే దిగులుగా ఉంది. అడవి తినేసిన చెదలు ఇంక ఎటొస్తాయి? అడవి అంచున ఉన్నది మీ మేడేగా!"

"నా మేడకేం భయం లేదులేవే."

"లేకేం! పాపం, మామిడిచెక్క తలుపులట కదా? అంత పెద్ద అధికారి, పొయ్యిలో పుల్లలుగా పెట్టుకునే చెక్కతో ఇల్లు కట్టుకున్నాడని ఊరంతా ఒకటే జాలి."

సభలో కిసకిసలు. గజరావు మీసాలు వణికాయి.

"మామిడిచెక్కా! ఎవడే అన్నది?"

"ఏ చెక్కయితేనేం అయ్యగారూ. బుట్టెడు చెదలు తెప్పించి మీ గుమ్మంలో పోయిస్తాను. వారానికి ద్వారబంధం నిలిస్తే ఈ వెండి పెట్టె మీది."

"బుట్టెడు కాదే, బండెడు పోయించు!" గజరావు తొడ చరిచాడు. "దూలం నుంచి గడియ దాకా అచ్చమైన ఎర్రచందనం! చెద దాని వాసన కూడా చూడదు!"



చెంగమ్మ రాజు వైపు తిరిగింది.

"విన్నారా ప్రభూ? అడవిలో నాలుగువేల మానులు మింగిన చెదలు అయ్యగారి గుమ్మం ముట్టవట. ఎంతైనా, అన్నం పెట్టిన ఇల్లు కదా!"

రాజు నవ్విన నవ్వుకి కిరీటం ఎగిరి మంత్రి ఒళ్ళో పడింది. భటులు గజరావుని పట్టుకున్నారు, మీసానికి ఇద్దరు చొప్పున.

"గూడెం కదలదు!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "నీకేం కావాలో కోరుకో చెంగమ్మా."

"అడవి కాపలాలో సగం గూడెంవాళ్ళకివ్వండి ప్రభూ. వనాధికారి కుర్చీలో రేపు ఎవరు కూర్చున్నా, ఈదన్నవాళ్ళు సరేననందే ఒక్క మాను అడవి దాటకూడదు. వాళ్ళు పట్టిచ్చిన దొంగని ఇక్కడే, అందరి ముందూ విచారించాలి. ఒక్కడి గుప్పిట్లో ఉన్న అధికారానికే చెద తొందరగా పడుతుంది."

"ఇచ్చాను!" అని రాజు మెళ్ళో ముత్యాలహారం తీసి, ఆమె వద్దంటున్నా తాంబూలం పెట్టెలో వేశాడు. ఈదన్న నవ్వితే సభంతా నవ్వింది.

ఇదంతా అబద్ధమనేవాళ్ళు వడ్రంగి ఓబులాచారిని అడగండి. ఆ తలుపులు బిగించిందీ ఆయనే, ఊడబీకిందీ ఆయనే.