సముద్రపు నాచు సాగడం నేర్చుకున్న కథ

ఒకప్పుడు సముద్రపు నాచుకు వంగడం తెలియదు. సాగడం అసలే తెలియదు. నీటి అడుగున రాళ్ళ మీద చీపురుపుల్లల్లా నిటారుగా నిలబడేది. ఆటుకు నీరు వెనక్కి పోయినా అలాగే నిలబడేది. గాలి తగిలితే గాజుల్లా గలగలమనేది.

చూడ్డానికి ఎంత అందమో! కానీ పెద్ద కెరటం వచ్చిందంటే పుటుక్కున విరిగేది. విరిగిన ముక్క మళ్ళీ అతుక్కునేది కాదు.

దానికో కారణం ఉంది. నాచు ఒంట్లో సన్నని నారలుంటాయి. ఆ నారలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, జన్మలో వదలమని ఒట్టు పెట్టుకున్నాయి. అంత గట్టి పట్టు తెగిందంటే ఇక తెగినట్టే.

ఆ రాళ్ళలో ఒక రాతి మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. అక్క ఎర్రయ్యమ్మ, ముదురెరుపు నాచు. అక్క కాబట్టి అందరూ ఆమెను "అప్పా" అని పిలిచేవారు. చెల్లెలు నీలాలు. నీలాలు కాస్త పొడుగు. ఆ పొడుగంటే ఆమెకు గర్వం కూడాను.

ఒకరోజు బంగారి అనే చిన్న చేప రొప్పుతూ వచ్చింది. దాని కడుపు నిండా గుడ్లు.

"ఎర్రయ్యమ్మప్పా! రాతి సందుల్లో గుడ్లు పెడితే పీతలు తినేస్తన్నాయి. నీ రెమ్మల్లో పెట్టుకోనా? పిల్లలు బయటపడేదాకా కాస్తావా?"

"పెట్టుకో తల్లీ. నేను నిలబడి ఉన్నంతకాలం నీ పిల్లలకి భయం లేదు" అంది ఎర్రయ్యమ్మ.

బంగారి గుడ్లు పెట్టి మేతకు పోయింది. ఎర్రయ్యమ్మ ఒళ్ళంతా బిగబట్టి నిలబడింది. అంతలో ఎక్కడో గాలి లేచి, ఒక పెద్ద కెరటం రాతిని కొట్టింది. ఎర్రయ్యమ్మ ఇంకా బిగుసుకుంది. ఎంత బిగుసుకుందో అంత తేలిగ్గా విరిగింది. గుడ్లున్న రెమ్మలన్నీ కెరటంతో పాటే వెళ్ళిపోయాయి.

బంగారి తిరిగొచ్చింది. మొండి రెమ్మల చుట్టూ తిరిగింది. కింద ఇసకలో వెతికింది. మళ్ళీ పైకొచ్చి చూసింది.

"నువ్వేటి చేస్తావులే అప్పా. నిలబడ్డావు కదా" అంది చివరికి. అని వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఎర్రయ్యమ్మకు ములుకులా దిగింది.

ఆమె రాతిని అడిగింది. "తాతా, నేను విరక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

"గట్టిపడాలి. ఆ గుల్లల్ని చూడు. సముద్రంలో సున్నం తాగి ఎంత గట్టిగా ఉన్నాయో!" అంది రాయి.

అక్కచెల్లెళ్ళిద్దరూ సున్నం తాగారు. నారలకు సున్నం పట్టింది. ఒళ్ళు రాయిలా అయింది. నీలాలు మురిసిపోయింది. కానీ ఆ మర్నాడే ఒక కెరటం గుల్లనొకదాన్ని ఎత్తి రాతి మీద వేసింది. గుల్ల పగిలి పెంకులైంది. ఎర్రయ్యమ్మ ఆ పెంకుల్ని చూసింది.

పెంకుల పక్కనే ఆమెకు ఇంకొకటి కనబడింది. అదే కెరటం రాతికి తగిలి తుంపర్లు తుంపర్లుగా చెదిరింది. చెదిరిన తుంపరంతా కింద పడి, మళ్ళీ నీరై కలిసిపోయింది. ఎక్కడా అతుకు లేదు.

రాతి గుంటలో ఒక నీటిబొట్టు ఆగి ఉంది. "ఏమమ్మా, ఇంత దెబ్బ తిన్నావు. మళ్ళీ ఎలా కలిశావు?" అని అడిగింది ఎర్రయ్యమ్మ.

"నా చేతులు చిన్నవి. బలం లేదు. పక్కవాళ్ళని పట్టుకుంటాను. గట్టిగా లాగితే వదిలేస్తాను. వదిలిన చేత్తో, దగ్గరున్న ఇంకొకరిని పట్టుకుంటాను."

"అదేం పట్టుకోవడం? అది మాట తప్పడం!"

"ఏమో మరి. మేం విడిపోయి, అలాగే ఉండిపోవడం ఎప్పుడైనా చూశావా?"

ఎర్రయ్యమ్మ ఒకసారి గుల్ల పెంకుల వైపు, ఒకసారి నీటి వైపు చూసింది.

"మమ్మల్ని నీ లోపలికి రానియ్యి" అంది బొట్టు. "నువ్వు తాగిన సున్నానికి రెండు చేతులున్నాయి. ఇటో నారని, అటో నారని పట్టుకుని నడుమ కూర్చుంటుంది. అది గడ్డకట్టకుండా మేం చుట్టూ ఉంటాం. కానీ ముందే చెబుతున్నా. మేం వస్తే నీ నిటారుతనం పోతుంది. ఆటుకు నీరు వెనక్కి తగ్గితే రాతి మీద పడుకోవాల్సిందే. చూసినవాళ్ళు నవ్వుతారు."

ఎర్రయ్యమ్మ చెల్లెలికి చెప్పింది.

"నీకేటైనా మతిపోయిందా అప్పా?" అంది నీలాలు. "మన అమ్మ నిలబడింది, అమ్మమ్మ నిలబడింది. నేను నిలబడి చస్తాను గానీ, పడుకుని బతకను."

అయినా ఎర్రయ్యమ్మ ఆగలేదు. లోపలికి తిరిగి తన నారల్ని పిలిచింది. "పట్టు సడలించండి" అంది.

నారలు భోరుమన్నాయి. "ఒట్టు తియ్యమంటావా?"

"తియ్యొద్దు. కలిసే ఉండండి. కానీ ఎవరి చెయ్యయినా జారితే, ఏడుస్తూ ఆగిపోకండి. పక్కనున్న చెయ్యి పట్టుకోండి."

నారలు భయపడుతూ భయపడుతూ వేళ్ళు వదులు చేశాయి. నీటిబొట్లు లోపలికి వచ్చాయి. ఎర్రయ్యమ్మ ఒళ్ళు నాని, చల్లబడి, మెత్తబడింది.

ఆ రోజు ఆటుకు నీరు తగ్గింది. ఎర్రయ్యమ్మ రాతి మీద వాలిపోయింది. పీతలు ఆమె మీంచే నడిచి వెళ్ళాయి. నీలాలు మొహం తిప్పుకుంది. ఎర్రయ్యమ్మ ఏడ్చింది. ఒళ్ళంతా తడే కాబట్టి ఆ ఏడుపు ఎవరికీ తెలియలేదు.

కొన్నాళ్ళకు ఎర్రయ్యమ్మకు కొత్త రెమ్మలు వచ్చాయి. బంగారి మళ్ళీ నిండు కడుపుతో వచ్చింది. నీలాలు పిలిచింది. "ఇటు రావే. మా అప్ప పడిపోయింది. నేను చూడు, ఎలా నిలబడ్డానో!"

బంగారి నీలాలుని పైనుంచి కిందికి చూసింది. "నిలబడ్డవాళ్ళని ఒకసారి చూశాను, తల్లీ" అంది మెల్లగా. వచ్చి ఎర్రయ్యమ్మ రెమ్మల్లో గుడ్లు పెట్టింది.

ఎర్రయ్యమ్మ ఈసారి మాటేమీ ఇవ్వలేదు. గుడ్ల మీదికి రెమ్మలు కప్పింది, అంతే.

తుపాను పట్టపగలే వచ్చింది. ఆకాశం నల్లబడింది. కెరటాలు తాటిచెట్టంత లేచాయి. మొదటి కెరటం ఎర్రయ్యమ్మని పట్టి లాగింది. ఆమె సాగింది. ఇంకా లాగింది. ఇంకా సాగింది.

లోపల నారలు కేకలు వేస్తున్నాయి. "నా చెయ్యి జారింది!" "ఇదిగో, నాది పట్టుకో!" "నాదీ జారింది!" "ఇటు, ఇటు!" వేయి చోట్ల పట్టు జారుతోంది, వేయి చోట్ల మళ్ళీ దొరుకుతోంది. ప్రతి జారుడుకీ కెరటం బలం కొంచెం తరుగుతోంది.

"ఇంకా తెగవేం?" అని గర్జించింది కెరటం. ఎర్రయ్యమ్మ ఇంకాస్త సాగింది.

అప్పుడే పక్కనుంచి "అప్పా!" అని కేక వినబడింది.

నీలాలు మొదలు దగ్గర బీటవారింది. ఎర్రయ్యమ్మ తన పొడుగాటి రెమ్మ ఒకటి చెల్లెలి వైపు విసిరింది. "చుట్టుకోవే! వంగి చుట్టుకో!"

నీలాలు వంగబోయింది. నిజంగానే వంగాలనుకుంది. కానీ వంగడం ఆమెకు రాదు. పుటుక్కుమన్న చప్పుడు ఒక్కటే వినబడింది. తర్వాత తెల్లటి నురగ తప్ప అక్కడేమీ లేదు.

సాయంత్రానికి తుపాను తగ్గింది. ఎర్రయ్యమ్మ రెమ్మలు కొన్ని చిరిగిపోయాయి. మిగిలినవాటి మధ్య గుడ్లు పదిలంగా ఉన్నాయి. బంగారి వాటిని ఒక్కొక్కటిగా మూతితో తాకి చూసుకుంది. తర్వాత నీలాలు ఉండే చోటికి వెళ్ళి, ఆ మొదలు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎర్రయ్యమ్మ అటు చూడలేకపోయింది.

చేపపిల్లలు బయటపడిన రోజుల్లోనే, నీలాలు విరిగిన చోట రాతిని అంటుకున్న మొదలులోంచి చిన్న నీలిరంగు మొలక వచ్చింది. పుట్టగానే అది నిటారుగా నిలబడబోయింది.

ఎర్రయ్యమ్మ దాని మీద రెమ్మ వేసి, నీటిలోకి మెల్లగా వంచింది. "వద్దు నాన్నా. నీటిని లోపలికి రానియ్యి. వేళ్ళు వదులుగా పెట్టుకో. మీ అమ్మకు నేను నచ్చజెప్పలేకపోయాను. నువ్వైనా విను."

మొలక విన్నది. దాన్ని చూసి పక్క రాతి మీది నాచు, ఆ పక్క రాతి మీది నాచు, అలా తీరమంతా నేర్చుకుంది.

అప్పటినుంచే సముద్రపు నాచు మెత్తగా, జారుడుగా ఉంటుంది. లాగితే సాగుతుంది గానీ తొందరగా తెగదు. ఆటుకు నీరు వెనక్కి తగ్గితే రాళ్ళ మీద తల వాల్చి పడుకుంటుంది. పోటు నీరు తగలగానే లేచి, మళ్ళీ ఊగుతుంది.