తళుకు చూపించని సంచి

మొహం చూస్తే చాలు, ఎదుటివాళ్లు లోపల ఏం దాస్తున్నారో నేను చెప్పేస్తాను. మా ఇంట్లో దీన్ని అనుమానం అంటారు. నేను పరిశీలన అంటాను. ఏ బళ్లోనూ నేర్చుకోకుండా సొంతంగా పట్టుబడిన విద్య కదా, ఆ మాత్రం మంచి పేరు పెట్టుకుంటే తప్పులేదు.

ఈ విద్య ఒక్క చేప దగ్గర మాత్రం చెల్లలేదు. కొల్లేటి కాలవల్లో ఉంటుందది, వేలెడంత. పండుగప్ప అనే పెద్ద చేపకు దూరపు చుట్టమట. పండుగప్పను అడిగితే ఒప్పుకోదనుకోండి. దాన్ని గాజు సీసాలో వేసి చూస్తే, వెనకాల గోడమీద క్యాలెండరు దాని ఒంట్లోంచి కనిపిస్తుంది. లోపలి ముళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కడుపు దగ్గర మాత్రం చిన్న వెండి సంచి ఉంటుంది. అందులోకి ఎవరి చూపూ పోదు, నాది కూడా. ఎందుకలా ఉందో చెబుతాను వినండి.

ఒకప్పుడు ఆ చేప ఒంట్లోంచి ఏమీ కనిపించేది కాదు. తల నుంచి తోక దాకా వెండే. పేరు తళుకు. ఎంత మెరిసేదంటే, దాన్ని చూడబోతే ఎవరి మొహం వాళ్లకే కనిపించేది.

ఒక ఎండాకాలం కాలవలన్నీ ఎండిపోయాయి. చేపలన్నీ ఒకే మడుగులోకి చేరాయి. చుట్టూ బీటలు వారిన నేల. మడుగు అంచున కొంగ, ఒంటికాలి మీద, తీరిగ్గా. మడుగు మధ్యలో ఉంటే బతుకు. అంచుకు వెళితే కొంగ నోరు.

ఇరుకులో ఒకళ్లనొకళ్లు తినేయకుండా చేపలు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. వానలు పడేదాకా ఎవరి గుడ్లూ ఎవరూ ముట్టకూడదు. ముట్టినవాళ్లను అంచుకు తోలేయాలి.

ఆ రోజుల్లోనే కొర్రమ్మ గుడ్లు పెట్టింది. కొర్రమ్మంటే కొర్రమీను. ఒడ్డువైపు తుంగ మొక్కల నీడన గూడు చేసుకుంది. గుడ్లు పసుపుపచ్చ పూసల్లా నీటిమీద తేలుతుంటే, దొంగ వస్తే మడుగులోంచే కదా వచ్చేది అనుకుని, మడుగువైపే కళ్లు పెట్టి, ఒడ్డుకు వీపు పెట్టి కాపలా కాసింది. రెప్ప వేయలేదు. చేపలకు రెప్పలుండవు, అది వేరే సంగతి.

మర్నాడు చూస్తే గుడ్లు తగ్గాయి. ఆ మర్నాడు ఇంకా తగ్గాయి.

"ఎవరో నా కడుపు కొడుతున్నారు," అంటూ కొర్రమ్మ మడుగంతా తిరిగింది. తళుకు ఎదురైంది. కొర్రమ్మ దాన్ని తేరిపార చూసింది. వెండిలో ఒక దొంగ మొహం కనిపించింది. అది తన మొహమేనని కొర్రమ్మకు తట్టలేదు.

"ఇదే," అంది. "రోజూ మా తుంగ దగ్గరే తచ్చాడుతుంటుంది."

"నీడకోసం వచ్చాను పిన్నీ," అంది తళుకు. "నీ గుడ్లు నాకెందుకు?"

పెద్దమనిషి జెల్లతాతను పిలిచారు. జెల్ల చేప కదా, ఆయనకు మీసాలున్నాయి కాబట్టి తీర్పులు ఆయనవే. తాత మీసాలు రెండుసార్లు కదిపి, "తిన్నావో లేదో మాకెలా తెలుస్తుందే అమ్మాయ్? నిన్ను చూస్తే నా మీసాలే కనిపిస్తున్నాయి," అన్నాడు.

తళుకు మడుగునడిగింది. "అమ్మా, ఈ వెండి నువ్విచ్చిందే. తీసేసుకో. నా లోపల ఏముందో వీళ్లే చూసుకుంటారు."

"తీసుకుంటే మళ్లీ ఇవ్వలేనే తల్లీ," అంది మడుగు.

"నన్ను నమ్మకపోతే వెండి ఉండి ఏం లాభం?"

మడుగు నెమ్మదిగా వెండి ఒలిచి తన మీద పరుచుకుంది. ఎండ పడితే నీళ్లు ఇప్పటికీ మెరిసేది ఆ వెండితోనే. తళుకు తోక కనిపించకుండా పోయింది. వీపు పోయింది. ముళ్లు బయటపడ్డాయి. చేపలన్నీ నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. మడుగు ఒలుస్తూ ఒలుస్తూ కడుపు దాకా వచ్చింది.

"అక్కడ ఆపమ్మా," అంది తళుకు.

మడుగు ఆగింది. కడుపు చుట్టూ చిటికెడు వెండి మిగిలిపోయింది.

"అదిగో," అంది కొర్రమ్మ. "చూపించాల్సింది దాచి, అక్కర్లేనివన్నీ చూపిస్తోంది."

"గుడ్లు తినలేదు పిన్నీ. కానీ కరువులో ఏదో తిన్నాను. నాచు తిన్నాను. దోమపిల్లల్ని తిన్నాను. ఎవరో రాల్చిన పొలుసు కూడా చప్పరించాను. నా ఆకలి నలుగురిలో పరవడం నాకిష్టం లేదు."

"తినని దానికి దాపరికం దేనికి?" అన్నాడు జెల్లతాత.

"నువ్వు బురదలో తల దూర్చి ఏం తింటావో ఎవరైనా అడిగారా తాతా?"

ఒకరిద్దరు నవ్వారు. తాత నవ్వలేదు. మీసాలు ఇంకోసారి కదిపాడు. అంతే, తళుకును తుంగ అవతలికి, ఒడ్డు అంచుకు తోలేశారు.

అక్కడ నీళ్లు చెయ్యి మునిగేంత కూడా లేవు. కొంగ వంగింది. ముక్కు సరిగ్గా తళుకు మీదికి వచ్చింది. తళుకు కదల్లేదు.

"ఏదో అలికిడైంది," అంది కొంగ తనలో తను. ఒక కన్నుతో చూసింది. ఇంకో కన్నుతో చూసింది. నీళ్లే కనిపించాయి, నీళ్లకింద ఇసుక కనిపించింది. మధ్యలో చిన్న వెండి చుక్క. "బుడగ," అనుకుని పక్కకు నడిచింది.

తళుకుకు అప్పుడు ఊపిరాడింది. తలెత్తితే ఒడ్డు కనిపించింది. మడుగు మధ్యలో ఉండేవాళ్లెవరూ చూడని ఒడ్డు. అక్కడ తడి ఆరని బురదమీద, తుంగ మొదళ్లకు అంటుకుని, పసుపుపచ్చ పూసలు. కొన్ని ఎండి ముడుచుకుపోయాయి. కొన్నింటికి చీమలు పట్టాయి.

తళుకు మళ్లీ తుంగలోంచి దూరి వెళ్లింది.

"పిన్నీ, నీ గుడ్లు దొరికాయి. ఒక్కసారి వెనక్కి తిరుగు."

"మళ్లీ ఎందుకొచ్చావ్?"

"తర్వాత తిట్టుకో. ముందు తిరుగు."

కొర్రమ్మ తిరిగింది. ఒడ్డువైపు చూడటం అన్ని రోజుల్లో అదే మొదటిసారి. నీళ్లు రోజుకింత వెనక్కి తగ్గుతున్నాయి. తగ్గినప్పుడల్లా అంచునున్న గుడ్లు ఒడ్డుమీదే ఉండిపోతున్నాయి. దొంగ ఎవరూ లేరు.

కొర్రమ్మ మిగిలిన గుడ్లను తోకతో తోసుకుంటూ మడుగు మధ్యకు తీసుకెళ్లింది. తళుకు పక్కనే ఈదుతూ, జారిపోయిన వాటిని ముక్కుతో నెట్టింది.

"నువ్వు తగ్గిపోతున్నట్టు మాకు చెప్పలేదేం?" అని జెల్లతాత మడుగు మీద విసుక్కున్నాడు.

"నన్నెవరడిగారు?" అంది మడుగు. "అందరూ తళుకునే అడిగారు."

సాయంత్రానికి కొర్రమ్మ తళుకు దగ్గరికొచ్చింది. ఈసారి చూస్తే తన మొహం కనిపించలేదు. తళుకు వెనకాల నిశ్చింతగా తేలుతున్న తన గుడ్లు కనిపించాయి.

"తప్పయిపోయిందే," అంది. తర్వాత చిన్న గొంతుతో, "ఇంతకీ ఆ సంచిలో ఏముంది?" అనడిగింది.

"నా తిండి, పిన్నీ," అంది తళుకు.

కొర్రమ్మ మళ్లీ అడగలేదు.

అప్పటినుంచే ఆ చేప ఒళ్లంతా గాజులా ఉంటుంది. కడుపు చుట్టూ మాత్రం ఆ చిటికెడు వెండి అలాగే ఉంది. మిగతా చేపలు దాని పక్కనుంచి వెళతాయి గాని, సంచి వంక చూడవు.

నేను మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాను. నిన్న బెల్లం డబ్బా మూత తీసి ఉంటే, మా మనవరాలు బుజ్జులుతో నోరు తెరిపించి, నాలుక కూడా చాపించాను. మూత పెట్టడం మర్చిపోయింది నేనేనని తర్వాత గుర్తొచ్చింది. తినలేదని ఎవరైనా చెబితే, నోట్లోకి తొంగిచూడకుండా నమ్మడం నాకింకా రాలేదు.