ఆరిళ్ళ వీధిలో ఏడో ఇల్లు

అనగనగా ఒక ఊళ్ళో ఒక వీధి ఉండేది. వీధంటే పెద్దదనుకునేవు, ఆరంటే ఆరే ఇళ్ళు. ఏడోది కడదామంటే చోటేదీ? ఇటు కాలవ, అటు అరటితోట.

అందులో మూడో ఇల్లు అచ్చియ్యమ్మది. ఆవిడ పూతరేకులు చేసేది. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద కొబ్బరి కమ్మలు మండించి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగేది. అంతే, ఉల్లిపొర లాంటి రేకు లేచొచ్చేది. గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేది.

ఆవిడ మనవరాలు మంగతాయి. ఎనిమిదేళ్ళది. ఇంట్లో ఇంకో పిల్ల లేదు. నాయనమ్మేమో కుండ ముందు కూచుంటే నోరు విప్పదు. అందుకని మంగతాయి కమ్మలతో మాట్లాడేది, గోడ మీది బల్లితో తగువేసుకునేది. బల్లి ఎప్పుడూ ఓడిపోయేది.

రేకు విరిగితే అమ్మకానికి పనికిరాదు కదా. "విరిగిన రేకు ఇంటి పిల్లలకి," అని దాని మీద బెల్లం పొడి చల్లి మంగతాయి చేతిలో పెట్టేది అచ్చియ్యమ్మ. ఆ ఇంటి కట్టుబాటు అది.

ఒకరోజు ఒక పిల్లి, నోట కరుచుకుని తన పిల్లని తెచ్చింది. వంటింటి మూల కమ్మల మోపు వెనకాల పెట్టింది. బూడిద రంగు పిల్ల, ఒక చెవి మాత్రం తెలుపు.

"నాయనమ్మా, దీన్ని పెంచుకుందాం. బయటికి పోనివ్వకుండా ఇంట్లోనే."

"పిల్లి తన పిల్లని ఏడిళ్ళు తిప్పుతుందే తల్లీ. మొన్న మొదటింట్లో పెట్టింది, నిన్న రెండో ఇంట్లో. మనది మూడోది. రేపు పోతుంది."

"పోకపోతే?"

అప్పుడు అచ్చియ్యమ్మ గుడ్డ పక్కన పెట్టింది. "బొచ్చు రాలుతుంది. రేకులో వెంట్రుక కనిపిస్తే మళ్ళీ మన గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"నీ జుట్టు రాలదా? ముడేసుకుని కూచోవడం లేదూ? రేకుల బుట్ట మీద మూత వేద్దాం."

"నెయ్యి నాకుతుంది."

"ఉట్టి ఎందుకుంది, ఊగడానికా?"

"రేకుల మీద నడుస్తుందే!"

"ఎలుకలు నడవడం లేదా? అవి నడిచి ఊరుకుంటున్నాయా? తిని మరీ పోతున్నాయి. దీన్ని చూస్తే అవన్నా పోతాయి."

"నీకు నోరిచ్చినవాడు నాకు చెవులెందుకిచ్చాడో," అని అచ్చియ్యమ్మ కమ్మలు ఎగదోసింది.

మంగతాయి నాయనమ్మ మీద గెలిచింది. ఇంక పిల్లి మీద గెలవాలి. తల్లి పిల్లి అలా తిండికి వెళ్ళగానే తలుపు మూసి గడియ పెట్టింది. కిటికీకి చేట అడ్డం పెట్టింది. నాలుగో ఇంటికి ఎలా పోతుందో చూద్దామని పీట వేసుకుని కూచుంది.

ఆ తర్వాత కొబ్బరి చిప్పలో పాలు పోసింది. పిల్ల మూతి పెట్టలేదు. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. వాసన చూసి వెనక్కి నడిచింది. గుడ్డపీలిక పాలలో ముంచి నోట పెట్టింది. రెండు గుక్కలు పీల్చి, తలుపు వైపు తిరిగి అరవడం మొదలుపెట్టింది.

బయట తల్లి ముందు తలుపు గీకింది. ఆ తర్వాత పెంకుల మీద తిరిగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మంగతాయి సందులోంచి చూస్తే, అరుగు మీద కూచుని మూసిన తలుపునే చూస్తోంది.

"పెంచుకోవచ్చా అని నన్నడిగావు. ముచ్చటగా మూడు జవాబులు చెప్పావు," అంది అచ్చియ్యమ్మ. "ఆవిణ్ణి అడిగావా?"

మంగతాయి లేచి గడియ తీసింది. తల్లి వచ్చింది, పిల్ల మెడ కరుచుకుంది, నాలుగో ఇంటికి పోయింది. వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. పిల్లులకి మర్యాదలు తెలియవు.

ఆ పూట మంగతాయి బల్లితో కూడా మాట్లాడలేదు.

నాలుగో ఇంట్లో రెండు రోజులు. ఐదో ఇంట్లో మూడు రోజులు. ఆ తర్వాత ఆరో ఇంట్లో, అటక మీద, చాలా రోజులు. మంగతాయి వేళ్ళు మడిచి లెక్క పెట్టేది. "నాయనమ్మా, వీధిలో ఆరిళ్ళే కదా. మరి ఏడోది ఎక్కడ?"

"పిల్లి బళ్ళో చదివిందా ఏంటి, లెక్క తప్పకుండా ఉండటానికి? కాలవ దాటి పోతుందేమో."

అలా అందే గానీ, మూలనున్న కమ్మల మోపులోంచి అచ్చియ్యమ్మ ఒక్క కమ్మ కూడా తీయలేదు. పెరట్లోంచి తెచ్చుకుని మండించింది. నెయ్యి గిన్నె ఉట్టి ఎక్కింది. బుట్ట మీదికి తాటాకు మూత వచ్చింది. తలుపు మాత్రం రోజూ మంగతాయే జానెడు తీసి ఉంచేది.

ఒక మధ్యాహ్నం చినుకులు పడుతుంటే ఆ సందులోంచి తల్లి పిల్లి వచ్చింది. నోట్లో ఏమీ లేదు. దాని వెనకాల, తన కాళ్ళ మీద తనే నడుస్తూ, తెల్ల చెవి.

మంగతాయి కదల్లేదు. ఏడో వేలు మాత్రం మడిచింది.

పిల్ల గడప ఎక్కలేక పడింది, మళ్ళీ ఎక్కింది. తిన్నగా వచ్చి, అప్పుడే కుండ మీంచి తీసి పక్కన పెట్టిన రేకు మీద కాలేసింది. పుటుక్కుమంది.

మంగతాయి గుండె కూడా పుటుక్కుమంది. నాయనమ్మ వైపు చూసింది.

అచ్చియ్యమ్మ ఆ రేకుని చూసింది, పిల్లని చూసింది. ఆ తర్వాత ఉట్టి మీంచి గిన్నె దించింది. ఒక ముక్క మీద బెల్లం పొడి చల్లి మంగతాయికిచ్చింది. రెండో ముక్క మీద నెయ్యి చుక్క వేసి, తెల్ల చెవి ముందు పెట్టింది.

"విరిగిన రేకు ఇంటి పిల్లలకి," అంది.

ఆ పిల్ల నెయ్యి నాకేసి రేకు వదిలేసింది. తల్లి కమ్మల వెనకాల చుట్ట చుట్టుకుని పడుకుంది. తలుపుకి మాత్రం మళ్ళీ ఎవరూ గడియ పెట్టలేదు.

నెయ్యి ఉట్టికి,
పిల్లి కమ్మల చాటుకి,
కథేమో కంచికి,
జానెడు తలుపు తీసి పెట్టి
మనమేమో ఇంటికి.