సుక్రి ఇంటి సొరబుర్ర

వరాహలమ్మ గారికి ఒక అలవాటుంది. పిల్లలకని ఏ మందు నీళ్లు కలిపి తెచ్చినా, ముందు తాను రెండు చుక్కలు నాలుక మీద వేసుకోనిదే బిడ్డ దగ్గరికి రానివ్వరు. ముప్పై ఆరేళ్లు కొండ ఊళ్లలో నర్సుగా తిరిగిన మనిషి. ఉద్యోగం అయిపోయాక కూడా, కొండ కింద రెండు గదుల ఇంట్లో ఉంటూ, కొత్తగా వచ్చిన నర్సులకి పని నేర్పుతూనే ఉన్నారు. ఈవిడకి మందు నీళ్లు పాయసంతో సమానమని ఆ కుర్ర నర్సులు వెనకాల నవ్వుకుంటారు. ఆవిడ వినీ విననట్టు ఊరుకుంటారు.

ఒక సాయంత్రం, ఆ శిష్యుల్లో హైమ అనే అమ్మాయి కొండ దిగి వస్తూనే సంచీని మూలకి విసిరికొట్టింది. ఏమైందంటే, ఒక తల్లికి, బిడ్డ విరేచనాలకి నీళ్లలో కలిపి పట్టే ఉప్పు, చక్కెరల మందు ప్యాకెట్లు ఇచ్చి, ఎలా కలపాలో ముమ్మారు చెప్పి వచ్చిందట. నాలుగో రోజు వెళ్లి చూస్తే ప్యాకెట్లు చూరులో దోపినవి దోపినట్టే ఉన్నాయి, బిడ్డ తోటకూర కాడలా వేలాడిపోతోంది. హైమ తనే కలిపి తాగించి, బిడ్డ కాస్త తేరుకున్నాక, ఆ తల్లిని నాలుగు మాటలూ అని దులిపేసి వచ్చిందట. ఆవిడ ఏదో గొణుగుతున్నా పట్టించుకోలేదట.

"అమ్మా, ఎంత చెప్పినా మాట వినని తల్లులకి ఇంక ఏ భాషలో చెప్పాలి?" అనడిగింది.

వరాహలమ్మ గారు గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగారు. మాట వినని తల్లి ఒకర్తి తనకీ తగిలిందని మొదలుపెట్టారు.

అప్పటికి ఆవిడకి ఇరవై నాలుగేళ్లు. చదువు వేడి ఇంకా ఆరలేదు, తనకు తెలియనిదంటూ లేదనుకునే వయసు. ఊటగెడ్డ అని ఇరవై గడపల ఊరుండేది. ఊరి ముందు పారే గెడ్డ వాన పడితే పొంగుతుంది, పొంగితే దాటడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడు తొలకరి పడగానే ఊళ్లో అయిదుగురు పసిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. కబురందగానే వరాహలమ్మ పరుగున వెళ్లింది. ప్యాకెట్టు మీదేమో లీటరు నీళ్లలో కలపమని ఉంది. ఊటగెడ్డలో లీటరంటే ఎవరికి తెలుసు? అక్కడ ఇంటింటా దూలానికి ఒక ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతుంటుంది. నీళ్లు తాగినా అంబలి తాగినా దానితోనే. కుర్రదానికి తెలివి పుట్టింది. ఊరిపెద్ద ఇంటి బుర్ర అడిగి తీసుకుని తన సీసాతో కొలిచి చూసింది. సరిగ్గా లీటరు పట్టింది. వాళ్ల కొలతతోనే వాళ్లకి చెప్పాలన్న ఇంగితం పెద్ద డాక్టర్లకైనా ఉందా అని తనకి తానే మురిసిపోయింది. బుర్రెడు నీళ్లకి ఒక ప్యాకెట్టు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలని అయిదిళ్లలోనూ ఒకటికి పదిసార్లు చెప్పి, గెడ్డ దాటి అవతలి ఊరికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అవతలి ఊళ్లో దాహమేసి మంచినీళ్లడిగితే ఒక ముసలమ్మ బుర్రతో తెచ్చి ఇచ్చింది. నాలుగు గుక్కల్లో నీళ్లయిపోయాయి. ఇంత చిన్నదేమిటంటే ముసలమ్మ నవ్వి, ఇది కుమ్మరి చేసిన కుండ కాదు కదా, తీగ ఎంత కాస్తే అంతే, ఏ ఇంటి బుర్ర ఆ ఇంటిదే అంది. వరాహలమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్లు తక్కువై ఉప్పు ఎక్కువైతే ఆ మందే బిడ్డ ఒంట్లో మిగిలిన నీటిని లాగేస్తుంది. ఫిట్సు వస్తాయి, ప్రాణమే పోవచ్చు. తిరిగి పరిగెత్తింది. అప్పటికే కొండ మీద కురిసిన వానకి గెడ్డ ఎర్రగా పొంగి ఒడ్లు ఒరుసుకుని పారుతోంది.

రెండు రోజులు ఆ ఒడ్డునే పడిగాపులు కాసింది. చెప్పింది చెప్పినట్టు చెయ్యండన్న తన మాటే తన చెవుల్లో మోగుతుంటే ముద్ద దిగలేదు. కొండదేవతకి మొక్కుకుంది, ఆ తల్లులు తన మాట మరిచిపోవాలని. ఏ నర్సూ మొక్కని మొక్కు అది.

మూడో రోజు పొద్దున్న నీరు నడుం లోతుకి దిగిందో లేదో, పడుతూ లేస్తూ దాటింది. ఊళ్లో మొదటి ఇల్లు సుక్రిది. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లతల్లి. ముందుగా కంటబడింది దూలానికి వేలాడుతున్న ఆ ఇంటి బుర్ర. అరలీటరు కూడా పట్టదు. అంతలో అరుగు మీద ఏదో చప్పుడైంది. సుక్రి ఏడాదిన్నర కూతురు గరిటె పుచ్చుకుని నేలని బాదుతోంది.

వరాహలమ్మ అక్కడే చతికిలబడి పిల్లని ఒళ్లోకి లాక్కుంది. మందు ఎలా ఇచ్చావని అడిగితే, తప్పు చేసి దొరికిపోయినట్టు సుక్రి తల వంచుకుంది.

"కోప్పడకు నర్సమ్మా, నువ్వు సెప్పినట్టు సెయ్యనేదు. కలిపి నోట్లో ఏసుకున్నాను. పిల్ల పోతాదేమోనని అప్పటికి రెండు దినాలుగా నా కన్నీళ్లు నేనే మింగుతున్నాను, ఉప్పు నాకు తెల్దా? ఆ మందు నీళ్లు వాటికన్నా ఉప్పగున్నాయి. నాకే దిగనిది పిల్లకెలా దిగుతాది?"

అందుకని అంతా కుండలో పోసి, కన్నీళ్లకన్నా చప్పబడేదాకా నీళ్లు కలుపుతూ, రుచి చూస్తూ, ఆ తర్వాతే పిల్లకి చెంచాతో పోసిందట. అంతటితో ఊరుకుందా? మిగతా నాలుగిళ్లకీ వెళ్లి, నర్సమ్మ తిడితే ఆ తిట్లు నేను పడతాను, మీరూ ఇలాగే కలపండని చెప్పి వచ్చిందట. అయిదుగురు పిల్లలూ బతికారు.

వరాహలమ్మ లేచి, తనకన్నా చిన్నదైన ఆ తల్లికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సుక్రి బెదిరిపోయింది. ఆకలికి నర్సమ్మకి మతి చలించిందేమో అనుకుని, గబగబా ఆ బుర్రలోనే అంబలి పోసి తెచ్చి ముందు తాగమంది. రెండు రోజుల తర్వాత గొంతు దిగిన తిండి అది. అంత రుచి మళ్లీ ఎక్కడా చూడలేదని వరాహలమ్మ గారు ఇప్పటికీ అంటారు. ఆ తల్లి చల్లగా ఉండాలి అనకుండా ఆ ఊరి పేరెత్తరు. ఆ తర్వాత ఆవిడ ఏ ఊరెళ్లినా ఇంటికో లీటరు సీసా ఇచ్చారు. దాంతో పాటు, తాగించే ముందు నాలుక మీద వేసుకుని చూడమనీ, కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోయమనీ చెప్పారు.

కథ అయిపోయింది. అలాగని అందరినీ వాళ్లిష్టానికి వదిలెయ్యమంటారా అని హైమ నెమ్మదిగా అడిగింది.

వదిలెయ్యమని ఎవరన్నారని వరాహలమ్మ గారు నవ్వి లేచారు. మూల పడి ఉన్న సంచీ తీసి, దుమ్ము దులిపి, నాలుగు కొత్త ప్యాకెట్లు సర్ది, హైమ ఒళ్లో పెట్టారు.

"ఆ తల్లి ఏదో గొణిగిందన్నావే, అదేమిటో రేపు వెళ్లి కనుక్కో. వచ్చి నాక్కూడా చెప్పు."