ఊసరవెల్లి అడుగు

ఒకప్పుడు ఊసరవెల్లికి నడక తెలియదు, పరుగే తెలుసు. కొమ్మ మీద ఉందని చూసేలోపు పొదలో ఉండేది. రెండు కళ్లూ ఎప్పుడూ ముందుకే చూసేవి. వెనక్కి చూడాల్సిన అవసరం దానికేముంది?

ఆ అడవి మధ్యలో ఓ ఊబి ఉండేది. పైన పచ్చటి నాచు, చూడ్డానికి పరుపులా మెత్తగా. దాని మీద తూనీగ కూడా వాలేది కాదు.

ఊబికి సొంత గొంతు లేదు. అందులో మునిగిన ప్రాణి ఆఖరున ఏ మాట విన్నదో దాన్ని దాచుకునేది. మిట్టమధ్యాహ్నం గాలి ఆగినప్పుడు అదే గొంతుతో పలికేది. ఓ తల్లి జింక పిల్లని పిలిచిన పిలుపు దాని దగ్గర ఎన్నాళ్లుగానో ఉంది. ఆ పిల్ల లేదు, ఆ తల్లీ లేదు, పిలుపు మాత్రం పోలేదు.

ఎండాకాలంలో ఈవలి చెట్లన్నీ మోడులైతే పురుగు దొరికేది కాదు. తిండి కావాలంటే ఊబి దాటి ఆవలి నేరేడు చెట్లు చేరాల్సిందే. అప్పుడు తాబేలవ్వ ముందు నడిచేది. కాలు మోపి, కాస్త ఊగి, వెనక్కి తీసి చూసేది. మోపిన చోట నీరు ఊరకపోతేనే అడుగు వేసేది. మిగతా జీవాలన్నీ ఆమె అడుగులో అడుగు వేసేవి.

తుర్రి అనే కుర్ర ఊసరవెల్లికి ఈ తంతు చూస్తే ఒళ్లు మండేది. చెల్లెలు చిట్టి ఆకలితో నకనకలాడుతుంటే, ఈ ముసలామె వెనక పూటంతా పాకాలా? అవ్వ కాళ్లు ఆడక, దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకుందని అందరి ముందూ వెక్కిరించింది. అవ్వ కోప్పడలేదు. తానూ ఒకసారి తొందరపడ్డానని, అందుకే ఒక వెనక కాలు లేదని చెప్పబోయింది. తుర్రి సగం విని వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చిట్టిని ఒడ్డుకు తీసుకెళ్లింది. ముందు తాను దూకింది. కాలు ఆనిందో లేదో తీసేసే పరుగు కదా, ఊబికి పట్టుకునే వ్యవధి దొరకలేదు. తన పరుగు వల్ల దాటానని తుర్రికి తోచలేదు. నేల గట్టిదనుకుంది.

ఆవలి ఒడ్డు నుంచి పిలిచింది. "గట్టిగానే ఉంది, వచ్చెయ్!"

చిట్టికి అక్కంత పరుగు లేదు. నట్టనడుమకు వచ్చేసరికి నాచు మెల్లగా విచ్చుకుంది. అరుపు లేదు, చప్పుడు లేదు. నాచు మళ్లీ కప్పుకుంది.

గాలి ఆగింది. ఊబి నడుమ నుంచి ఓ గొంతు హుషారుగా పలికింది.

"గట్టిగానే ఉంది, వచ్చెయ్!"

అది తుర్రి గొంతే.

సాయంత్రానికి తాబేలవ్వ వచ్చి తుర్రిని తన వెనకే ఈవలికి తెచ్చింది. ఆ తర్వాత తుర్రి పరుగెత్తగా ఎవరూ చూడలేదు. ఏటేటా అవ్వ వెనకే నడిచి ఆమె అడుగు నేర్చుకుంది. అవ్వ పోయాక, ఒంటి నిండా ముడతలతో తానే ముందు నడవసాగింది.

ఒక వేసవిలో అలా దాటుతుండగా గాలి ఆగింది. ఊబి పిలిచింది. వరసలోని ఓ పిల్ల ఊసరవెల్లి ఆగి, అటు తిరిగింది.

"అవ్వా, అక్కడ నీలాగే ఎవరో పిలుస్తున్నారు. గట్టిగానే ఉందట."

అంటూనే నాచు మీదికి కాలు చాచింది. తుర్రి దాని తోక కరిచి వెనక్కి లాగింది.

"అది నేనే తల్లీ, నీ ఈడప్పటి నేను. దానికేమీ తెలియదు. దాని మాట వినకు, నా కాలు చూడు."

తుర్రి మళ్లీ అడుగు వేయబోయింది. కానీ ఆ గొంతు మాటున చిట్టి ఉంది. వెనక పిల్లలున్నారు. ఒక కన్ను కాలు మోపే చోట నిలిచింది. రెండో కన్ను దానంతట అది వెనక్కి తిరిగిపోయింది, ఇక ముందుకు రానంది.

అప్పటినుంచే ఊసరవెల్లి కళ్లు చెరో వైపు చూస్తాయి. కొమ్మ ఎంత గట్టిదైనా సరే, కాలు చాస్తుంది, ఊగుతుంది, వెనక్కి తీస్తుంది, మళ్లీ మోపుతుంది. ఒక కన్ను అడుగుని చూస్తుంది. రెండోది, తన గొంతుతో పిలుస్తున్న ఆ చోటుని.